పదివేల ఎనభై భాగాలు

రీముకు ఎన్ని ఠావులు? ఆండర్సన్ వీధిలో ఇప్పుడు ఏ కొట్లో అడిగినా 500 అంటారు. మా నాయన మాత్రం చివరిదాకా 480 అనే అన్నాడు. దస్తాకు 24 ఠావులు, ఇరవై దస్తాలు ఒక రీము. ఆయన నెల్లూరు జిల్లా నుంచి చిన్నతనంలోనే పట్నం వచ్చి, జార్జి టౌన్‌లో ఒక కాయితాల కొట్లో గుమాస్తాగా కుదిరాడు. ఆయన లేచిన బల్ల ముందే నేను కూర్చుని ముప్ఫై ఎనిమిదేళ్లు పద్దులు రాశాను. 500 ఠావుల రీము వచ్చాక ఆయన బాధంతా ఒక్కటే. "మూడు ప్రెస్సులకు సమంగా పంచరా చూద్దాం" అనేవాడు. ఒక్కొక్కరికి 166 పోగా రెండు ఠావులు మిగిలేవి. ఎనిమిదిమందికి పంచితే నాలుగు మిగిలేవి. పాత రీము అలా కాదు. ముగ్గురికీ, ఆరుగురికీ, ఎనిమిదిమందికీ, పదిహేనుమందికీ, పదహారుమందికీ ఒక్క ఠావు మిగలకుండా తెగేది.

అప్పట్లో దాన్ని పెద్దాయన చాదస్తం అనుకున్నాను. పని మానేశాక ఒకరోజు తీరిగ్గా కూర్చుని లెక్క వేశాను. 480ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు 1, 480తో కలిపి మొత్తం 24. 500కు ఉన్నవి 12. ఇరవై ఠావులు ఎక్కువై పంపకాలు సగానికి సగం తగ్గాయి. నాయన చెప్పింది అక్షరాలా నిజం.

ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించేవాటిని బడిలో భాజకాలు అంటారు. 12కు 1, 2, 3, 4, 6, 12 కలిపి ఆరు భాజకాలు. 12 కంటే చిన్న సంఖ్య దేనికీ ఆరు లేవు. 24కు ఎనిమిది, 36కు తొమ్మిది, 48కి పది, 60కి పన్నెండు. వీటిలో ప్రతిదీ తనకంటే చిన్నవాటినన్నిటినీ భాజకాల్లో మించిపోయింది. మా 480కి ఆ గౌరవం లేదు. దానికున్న 24 భాజకాలూ అంతకంటే చిన్నదైన 360కే ఉన్నాయి. సమానమైతే చాలదు, మించాలి. అలా మించిన సంఖ్యలను వెతికి, వరసలో పెట్టి, వాటి గుణాలను నిరూపించి 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో అచ్చు వేయించినవాడు శ్రీనివాస రామానుజన్. వాటికి హైలీ కాంపోజిట్ నంబర్లు అని పేరు పెట్టాడు. తెలుగులో అత్యంత సంయుక్త సంఖ్యలు అనాలి కాబోలు. నేను మాత్రం పంపకాల సంఖ్యలు అంటాను. ఆ మాట మా బజారు మాట.

ఆ వ్యాసంలో ఒక పట్టిక ఉంది. 102 సంఖ్యలు, ఒక్కొక్కదాని ఎదురుగా దాని భాజకాల లెక్క. అందులో చిట్టచివరి సంఖ్య ఇది:

67,46,32,83,88,800

ఆరు లక్షల డెబ్భై నాలుగు వేల ఆరువందల ముప్ఫై రెండు కోట్ల ఎనభై మూడు లక్షల ఎనభై ఎనిమిది వేల ఎనిమిది వందలు. రామానుజన్ పేరెత్తగానే అందరూ 1729 అంటారు, అద్దె కారు కథ చెబుతారు. అది మంచి కథే. కానీ పంపకం దృష్టితో చూస్తే 1729కి ఉన్నవి ఎనిమిదే భాజకాలు, అంటే మా దస్తాకున్న 24 ఠావులకు ఉన్నన్ని. ఆయన రోజుల తరబడి చేత్తో కూడబెట్టిన ఈ పదమూడంకెల సంఖ్య ఎవరి నోటా వినబడకపోవడం నాకు కష్టంగా ఉంటుంది. అందుకే దీని గురించి రాస్తున్నాను.

ఆయన మా పేటవాడు కూడా. పుట్టింది ఈరోడులో, పెరిగింది కుంభకోణంలో. కానీ ఎఫ్.ఏ. చదవడానికి వచ్చి చేరిన పచ్చయప్ప కాలేజీ అప్పట్లో ఎస్‌ప్లనేడులో ఉండేది. గ్రీకు గుడి స్తంభాలతో ఆ హాలు ఇప్పటికీ హైకోర్టు వైపు చూస్తూ నిలబడి ఉంది. ఆ పరీక్ష ఆయన తప్పాడు. తరువాత బతుకుతెరువు కోసం నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు దగ్గరకు వెళ్లి తన నోటు పుస్తకాలు చూపించాడు. లెక్కలంటే ప్రాణం పెట్టే ఆ కలెక్టరు కొంతకాలం నెలనెలా డబ్బు పంపి ఆదుకున్నాడు. మా నెల్లూరు పేరు ఈ కథలో ఇలా వచ్చినందుకు నాకు ఇప్పటికీ గర్వమే. 1912 మార్చి 1న రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరాడు. నెలకు 30 రూపాయల జీతం, జమాఖర్చుల విభాగం. ఆ కొలువు రోజుల్లోనే జార్జి టౌన్‌లోని శైవ ముత్తయ్య మొదలి వీధిలో కాపురం ఉన్నాడు.

కాయితం కొనడానికి చేతిలో డబ్బుండేది కాదు. పలక మీద వేసి, మోచేత్తో తుడిచి, ఫలితాన్ని మాత్రం పుస్తకంలోకి ఎక్కించేవాడు. నీలి సిరాతో రాసిన కాయితం మీదే ఎర్ర సిరాతో మళ్లీ రాసేవాడు. రేవులో సరుకులు చుట్టి వచ్చిన కాయితాల కోసం వెతికేవాడని కూడా చెప్పుకుంటారు. కాయితాల కొట్లో బతికినవాణ్ని, ఆ మాట విన్నప్పుడు నా మనసు ఎలా అయిందో రాయలేను. మా కాయితాలు కోసే గిలెటిన్ దగ్గర రోజూ బస్తాలకు బస్తాలు తుంపులు పడేవి. వెనుక వైపు తెల్లగా ఉండేవి కూడా.

పోర్టు ట్రస్టులో ఆయన రాసిన లెక్కలు రూపాయలూ అణాలూ పైలలో ఉండేవి. రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైలు, వెరసి 192 పైలు. 192కు 14 భాజకాలు. 1957 ఏప్రిల్ 1న వచ్చిన నయాపైసల రూపాయి 100 పైసలది, దానికి తొమ్మిదే. పాత రూపాయిని ముగ్గురికి పంచితే తలకు ఐదణాల నాలుగు పైలు చక్కగా వచ్చేవి. కొత్త రూపాయిని పంచితే ఒక పైసా మీద తగువు. అణాపైల వల్లే ఆయనకు ఈ సంఖ్యల మీద మనసు పోయిందని నేను అనను, దానికి ఆధారం లేదు. ఆయన వ్యాసం రాసింది కేంబ్రిడ్జిలో. అయితే పొద్దస్తమానం పన్నెండుతో, పదహారుతో భాగించే చెయ్యి అది. ఆ సంగతి మాత్రం ఎవరూ కాదనలేరు.

ఇక సంఖ్యలోకి వస్తాను. మొదట నాకు తెలిసిన గుమాస్తా పరీక్షలు పెట్టాను. అంకెలన్నీ కూడితే 63 వచ్చింది, కనుక తొమ్మిదితో పోతుంది. ఆ తరువాత రెండుతో భాగిస్తూ పోయాను. ఆరుసార్లు పోయింది. మిగిలింది 1,05,41,13,81,075. దాన్ని మూడుతో నాలుగుసార్లు భాగిస్తే 1,30,13,75,075 వచ్చింది. ఐదుతో రెండుసార్లు, ఏడుతో రెండుసార్లు తీసేశాక 10,62,347 మిగిలింది. అది 11, 13, 17, 19, 23ల లబ్ధం. అక్కడితో ఖాళీ. 2 నుంచి 23 దాకా ఉన్న తొమ్మిది ప్రధాన సంఖ్యలూ ఒక్కటీ వదలకుండా ఇందులో ఉన్నాయి. ఆరు రెళ్లు, నాలుగు మూళ్లు, రెండు ఐదులు, రెండు ఏడులు, మిగతా ఐదూ ఒక్కొక్కటి చొప్పున.

ఇంజనీరింగు చదివే మా మనవరాలు పక్కనే కూర్చుని ఉంది. "తాతా, ఇదంతా చేత్తో ఎందుకు? ఉండు" అని కంప్యూటరులో నాలుగు వరసలు కొట్టింది. రెప్పపాటులో భాజకాల లెక్క చూపించింది: 10,080.

"ఇప్పుడు కంప్యూటరు లేకుండా నేను చెబుతాను విను అమ్మడూ" అన్నాను. మా వీధిలో పెళ్లికార్డు ఆర్డరు తీసుకోవడం తెలిసినవాడికి ఈ లెక్క కొత్తగా నేర్పక్కర్లేదు. కాయితం ఏడు రకాలు ఉందనుకోండి. సిరా ఐదు రంగులు. కవరు మూడు తీరులు, కార్డు మూడు సైజులు. ఏడైదులు ముప్ఫైఐదు, మూడు పెడితే 105, మళ్లీ మూడు పెడితే 315. ఆపైన ఐదు ప్రశ్నలు, ప్రతిదానికీ అవును, కాదు అని రెండే జవాబులు: వినాయకుడి బొమ్మ ఉండాలా? బంగారు అంచు కావాలా? పసుపు అద్దాలా? తెలుగు పక్కన తమిళం కూడా వెయ్యాలా? రిబ్బను కట్టాలా? ఒక్కొక్క ప్రశ్నకు రకాలు రెట్టింపవుతాయి. 315 ఐదుసార్లు రెట్టిస్తే 10,080.

భాజకాన్ని తయారు చేయడమూ ఇంతే. మన సంఖ్యలో ఆరు రెళ్లు ఉన్నాయి. భాజకంలోకి వాటిలో ఎన్ని తీసుకుందాం? అసలు వద్దనడం మొదలుకొని ఆరూ కావాలనడం దాకా ఏడు దారులు. నాలుగు మూళ్లకు ఐదు దారులు. రెండు ఐదులకు మూడు, రెండు ఏడులకు మూడు. 11, 13, 17, 19, 23 ఒక్కొక్కటే ఉన్నాయి కనుక ఉంచాలా వద్దా అన్నదే ప్రశ్న. పెళ్లికార్డు లెక్క ఏదో ఇదీ అదే. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత "ఏడు రకాలూ ఐదు రంగులూ అని కావాలనే చెప్పావు కదా" అంది. కావాలనే చెప్పాను మరి.

10,080 అంటే ఎంతో మరో తీరులో చెప్పనా? వారానికి ఏడు రోజులు, రోజుకు 24 గంటలు, గంటకు 60 నిమిషాలు, అంతా గుణిస్తే 10,080. నిమిషానికి ఒక భాజకం చొప్పున చదవడం మొదలుపెడితే, ఆదివారం పొద్దున కూర్చున్నవాడు నిద్ర లేకుండా మరుసటి ఆదివారం పొద్దున లేస్తాడు. పైగా 10,080 కూడా పంపకాల సంఖ్యే. దానికి 72 భాజకాలు, అంతకంటే చిన్నదానికి దేనికీ అన్ని లేవు.

ఎన్నింటికి లొంగుతుందో చూద్దామని 1 నుంచి మొదలుపెట్టాను. 28 దాకా ప్రతి సంఖ్యతోనూ పోయింది. 29 దగ్గర ఆగింది. మళ్లీ 30తో పోయింది, 31తో పోలేదు. అలా 57 దాకా వెళితే పోనివి ఏడే: 29, 31, 37, 41, 43, 47, 53. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఒక ఊళ్లో ఇంత ధాన్యం ఉందనుకోండి. ఆ ఊరి జనం 57 మంది లోపు ఎంతమందైనా, ఈ ఏడు సందర్భాలు తప్ప, ఒక్క గింజ మిగలకుండా పంచుకోవచ్చు.

రెళ్లు ఎక్కువ, మూళ్లు అంతకంటే తక్కువ, ఐదులూ ఏడులూ ఇంకా తక్కువ. ఈ మెట్లు ఇలా దిగడం యాదృచ్ఛికం కాదని రామానుజన్ నిరూపించాడు. కారణం సరుకు కొనేవాడికి వెంటనే తెలుస్తుంది. 18 అంటే ఒక రెండు, రెండు మూళ్లు. దానికి భాజకాలు ఆరు. ఆ ఏర్పాటును తిరగేసి రెండు రెళ్లు, ఒక మూడు పెడితే వచ్చేది 12. భాజకాలు అవే ఆరు, సంఖ్య మాత్రం చిన్నది. చవకైన ప్రధాన సంఖ్యను ఎక్కువగా, ఖరీదైనదాన్ని తక్కువగా వాడాలి. అలా వాడని సంఖ్య ఈ పట్టికలోకి రాలేదు. ఇంకొకటీ తేల్చాడు: వరసలో చిట్టచివరి ప్రధాన సంఖ్య ఒక్కసారే ఉంటుంది, 4 దగ్గరా 36 దగ్గరా తప్ప. లక్షల కోట్ల దాకా వెళ్లినా, ఆపైన ఎంత దూరం వెళ్లినా మినహాయింపులు ఈ రెండే. నిరూపణంతా నాకు అర్థం కాలేదు. కానీ పట్టికలో ఒక్కొక్క వరసనూ విప్పి చూసుకున్నాను. ఎక్కడా తప్పలేదు.

ఈ వరసకు అంతం కూడా లేదు. ఏ సంఖ్యనైనా రెట్టింపు చేస్తే పాత భాజకాలన్నీ ఉంటాయి, కొత్తవి కొన్ని చేరతాయి. కనుక ఒక పంపకాల సంఖ్య తరువాత, దాని రెట్టింపు దాటేలోగా మరొకటి వచ్చి తీరాలి.

1914 మార్చి 17న రామానుజన్ మద్రాసు రేవులో ఇంగ్లండు ఓడ ఎక్కాడు. పదిహేను రోజుల తరువాత, ఏప్రిల్ 1న, ఇదే పట్నంలో ఆంధ్రపత్రిక దినపత్రికగా మొదలైంది. మా తంబుచెట్టి వీధి నుంచి తెలుగు లోకమంతటికీ వెళ్లిన పత్రిక అది. ఆ ఏడే యుద్ధం వచ్చింది. మరుసటి ఏడు పంపకాల సంఖ్యల వ్యాసం అచ్చయింది, 1916లో దాని మీదే కేంబ్రిడ్జి ఆయనకు బి.ఎ. పట్టా ఇచ్చింది. ఎఫ్.ఏ. తప్పినవాడికి పట్టా తెచ్చిపెట్టింది ఈ సంఖ్యలే. అయితే వ్యాసం పూర్తిగా రాలేదు. సొసైటీకి డబ్బు కటకటగా ఉండడంతో వెనుక భాగాన్ని ఆపేశారు. పలక మీద తుడిచి రాసుకున్న మనిషికి అక్కడ కూడా కాయితం చాలలేదు. ఆ మిగిలిన భాగం నికోలా, రోబాన్ అనే ఇద్దరు ఫ్రెంచి గణితజ్ఞుల టిప్పణులతో 1997లో వెలుగు చూసింది. ఆయన 1920లోనే, ముప్ఫై మూడు నిండకుండానే వెళ్లిపోయాడు.

మా ముత్యాలపేట హైస్కూలు ఆయన్ని మరిచిపోలేదని ఇక్కడ చెప్పాలి. ఆ బడిలో లెక్కలు చెప్పిన పి.కె. శ్రీనివాసన్ మాస్టారు రామానుజన్ ఉత్తరాలనూ, ఆయన్ని ఎరిగినవాళ్ల జ్ఞాపకాలనూ సేకరించి 1968లో రెండు సంపుటాలుగా తెచ్చారు. అచ్చు వేయించింది ఏ విశ్వవిద్యాలయమో కాదు, ఆ బడీ, అక్కడి నంబర్ ఫ్రెండ్స్ సొసైటీ, పూర్వ విద్యార్థులూ. తరువాత ఆ మాస్టారే 1993లో రాయపురంలో రామానుజన్ పేర మ్యూజియం పెట్టారు.

ఇక నన్ను ఎక్కువ కాలం పట్టుకున్న సంగతి. ఆ పట్టికలో ఒక సంఖ్య జారిపోయింది. 2,93,31,86,25,600. దానికి 5,040 భాజకాలు, అంతకంటే చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు. కనుక వరసలో ఉండాలి. లేదు. తరువాతివాళ్లు సరిచూసినప్పుడు బయటపడింది.

మొదటిసారి ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పద్దు జారడం అంటే ఏమిటో గుమాస్తాకు తెలుసు. ఒక ఏడాది ఉగాది ముందు నా చిట్టాలో ఇరవై రీముల పద్దు ఒకటి ఎక్కలేదు. మూడు రాత్రులు మొదటి పేజీ నుంచి మళ్లీ మళ్లీ కూడాను. మొత్తం కలవకపోతే ఎక్కడో తప్పుందని తెలుస్తుంది. ఆయన పట్టికకు అడుగున మొత్తం లేదు. జారిందని చెప్పేవాళ్లు లేరు. యంత్రం లేదు. లక్షల కోట్ల దాకా చేత్తో వెతికి 102 దొరకబుచ్చుకున్నాడు. అన్నింటిలో తప్పింది ఒక్కటే.

దాన్ని కూడా విప్పాను. ఆరు రెళ్లు, నాలుగు మూళ్లు, రెండు ఐదులు, రెండు ఏడులు, 11, 13, 17, 19. రాస్తుండగానే చెయ్యి ఆగింది. ఈ వరస నేను ముందే రాశాను. పాత కాయితం తీసి పక్కన పెట్టాను. చివర ఒక్క 23 తప్ప తక్కినదంతా అదే. గుణించాను: ఇరవైతో 58,66,37,25,12,000, మూడుతో 8,79,95,58,76,800. కూడితే 67,46,32,83,88,800.

పట్టికలో చిట్టచివరి సంఖ్య అదే. జారిపోయిందానిని 23తో హెచ్చిస్తే వస్తుంది. భాజకాలు కూడా 5,040కి రెట్టింపు, 10,080. అంటే జారిపోయిన సంఖ్య ఆయన వరసలో లేకపోయినా, ఆయన చివరి సంఖ్య లోపల, దాని భాజకాల్లో ఒకటిగా మొదటి నుంచీ ఉంది.

మనవరాల్ని పిలిచి చూపించాను. తను కంప్యూటరులో మళ్లీ గుణించి చూసి, "అవును తాతా, సరిపోయింది" అంది. తరువాత నా నోటు పుస్తకం అందుకుని, నేను నీలి సిరాతో ఎత్తి రాసుకున్న 102 వరసల మీద వేలు పెట్టి దిగుతూ వెళ్లింది. "ఇది ఎక్కడ రావాలి?" అని అడిగింది. చోటు చూపించాను. అక్కడ రెండు వరసల మధ్య ఖాళీ లేదు. ఎర్ర సిరా పెన్ను తెచ్చి, నీలి అంకెల మీదే చిన్న అక్షరాలతో దానిని రాసింది.